అప్పటికప్పుడు పుట్టే ఫంక్షన్లు: కంపైల్ చేయాలా, ఎవాల్‌కి వదిలేయాలా?

(జాన్ మెకార్తీ స్మారకంగా రఘునాథపల్లిలో చేసిన ఉపన్యాసం పాఠం)

జాన్ మెకార్తీ 2011 అక్టోబరు 24న కన్నుమూశారు. ఆయన్ని తలచుకోవడమంటే ఆయన మనకిచ్చిన లిస్ప్ భాషను తలచుకోవడమే. వరంగల్‌లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి 1959లో పునాదిరాయి పడే నాటికి, అమెరికాలోని ఎంఐటీలో ఈ భాష ఐబీఎం 704 యంత్రం మీద రూపు దిద్దుకుంటోంది. మన ప్రాంతంలో ఇంజనీరింగ్ చదువుకి ఎంత వయసో లిస్ప్‌కీ దాదాపు అంతే వయసు. ఇన్ని దశాబ్దాల్లో ఆ భాష చుట్టూ నడిచిన వాదాల్లోంచి ఇవాళ ఒక్కటే తీసుకుంటాను. నడుస్తున్న ప్రోగ్రామ్ తనే ఒక కొత్త ఫంక్షన్‌ని రాసుకుంది. దాన్ని ముందు యంత్రభాషలోకి కంపైల్ చేసి అప్పుడు వాడుకోవాలా, లేక రాసింది రాసినట్టే, వాక్యాలకు విలువ కట్టే ఎవాల్ అనే ఫంక్షన్ చేతిలో పెట్టి నడిపించాలా? చాలామంది దీన్ని వేగానికి సంబంధించిన ప్రశ్నగా చూస్తారు, కంపైల్ చేసిందే వేగం కనక కంపైలే సరైనదని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలుస్తాం, ఆ పిలుపుల మధ్యలో దానికి ఆధారమైన విషయాలు మారతాయా, ఈ రెండిటి మీదే జవాబు ఆధారపడుతుంది. ఆ రెండూ ముందుగా తెలిసేది యంత్రానికి కాదు, ఆ ఫంక్షన్‌ని పుట్టించే ప్రోగ్రామ్ రాసిన మనిషికి. కాబట్టి రెండు దారులనూ తెరిచి ఉంచి, ఏ దారిన పోయినా అర్థం ఒక్కటిగానే ఉండేలా కాపాడే భాషే ప్రోగ్రామర్‌కి న్యాయం చేస్తుంది. ఇదీ నా వాదం.

ఈ ప్రశ్న లిస్ప్‌లోనే ఎందుకు ఇంత సూటిగా ఎదురవుతుందో ముందు చూద్దాం. లిస్ప్‌లో ప్రోగ్రామ్ అంటే ఒక జాబితా. జాబితాలను కలపడం, విడదీయడం, వాటిలోంచి కొత్తవి కట్టడం ఆ భాష నిత్యం చేసే పని. అందుకే లిస్ప్ ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ని రాయడం పెద్ద విశేషమేమీ కాదు. మిగతా చాలా భాషల్లో అక్షరాలను అతికించి వాక్యాలు తయారుచేసి, మళ్ళీ వాటిని మొదటి నుంచీ చదివించాలి. ఇక్కడ ఆ బాధ లేదు. 1960 ఏప్రిల్‌లో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో వచ్చిన తన వ్యాసంలో మెకార్తీ ఎవాల్ అనే ఫంక్షన్‌ని నిర్వచించారు. ఏ లిస్ప్ వాక్యాన్నైనా తీసుకుని దాని విలువ ఎంతో చెప్పే ఫంక్షన్ అది, దాన్ని కూడా లిస్ప్‌లోనే రాశారు. ఆయన దృష్టిలో అది సిద్ధాంతం కోసం రాసిన నిర్వచనం. ఆయన దగ్గర పనిచేస్తున్న స్టీవ్ రసెల్ మాత్రం అందులో నడిచే యంత్రాన్ని చూశాడు. ఆ నిర్వచనాన్ని చేత్తోనే ఐబీఎం 704 యంత్రభాషలోకి మార్చాడు. లిస్ప్ ఇంటర్‌ప్రిటర్ అలా వచ్చింది. గమనించండి, తొలి ఎవాల్ కూడా ఒక మనిషి చేత్తో కంపైల్ చేసినదే. ఆ తర్వాత 1962లో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ అనే ఇద్దరు ఎంఐటీలో లిస్ప్ కంపైలర్‌ని లిస్ప్‌లోనే రాశారు. దాన్ని కంపైల్ చేయడానికి అప్పటికి వేరే కంపైలర్ లేదు. ఇంటర్‌ప్రిటర్ మీద దాన్ని నడిపి, దాని చేతే దాన్ని కంపైల్ చేయించారు. ఎవాల్ లేకపోతే ఆ కంపైలర్‌కి తొలి అడుగే పడేది కాదు. ఈ రెండిట్లో ఒకటి పాతది, ఒకటి కొత్తది, కొత్తది వచ్చాక పాతది పోవాలి అన్న ఆలోచనకి ఈ భాష చరిత్రలోనే ఆధారం లేదు.

ఇప్పుడు లోపల జరిగే పని. ఎవాల్ ఒక ఫంక్షన్‌ని నడిపేటప్పుడు జాబితాను కొస నుంచి కొస దాకా నడుచుకుంటూ పోతుంది. మొదటి మూలకం ప్రత్యేక రూపమా, మాక్రోనా, మామూలు ఫంక్షనా అని చూస్తుంది. ప్రతి పేరు దగ్గరా ఆగి దాని విలువ ఎక్కడుందో వెతుకుతుంది. ఫంక్షన్‌ని వెయ్యిసార్లు పిలిస్తే ఈ వెతుకులాట వెయ్యిసార్లూ జరుగుతుంది. కంపైలర్ ఇదంతా ఒక్కసారే చేసేస్తుంది. మాక్రోలను విప్పేస్తుంది, ప్రతి వేరియబుల్‌కీ రిజిస్టర్లోనో స్టాక్‌లోనో చోటు కేటాయిస్తుంది, సంఖ్యల రకాలు ప్రకటించి ఉంటే వాటిని వాడుకుని కూడికను నేరుగా యంత్రం కూడికగా మారుస్తుంది, ఎప్పటికీ నడవని కొమ్మలను నరికేస్తుంది. కామన్ లిస్ప్‌లో ఈ పని కోరడం చాలా తేలిక. కంపైల్ అనే ఫంక్షన్‌కి పేరు స్థానంలో నిల్ ఇచ్చి, పక్కన లాంబ్డాతో మొదలయ్యే జాబితా ఇస్తే, పిలవడానికి సిద్ధంగా ఉన్న ఫంక్షన్ తిరిగి వస్తుంది. అదే జాబితాను ఎవాల్‌కి ఇచ్చినా ఫంక్షనే వస్తుంది. వాడేవాడికి పైకి తేడా కనపడదు. ఒకటి ఖర్చంతా ముందే రాబట్టుకుంది, మరొకటి పిలుపు పిలుపుకీ కొంచెం కొంచెం వసూలు చేస్తుంది.

రఘునాథపల్లి స్టేషన్లో రైలెక్కి కాజీపేటకో సికింద్రాబాదుకో పోయేవాళ్ళకి ఈ లెక్క నేను చెప్పాల్సిన పని లేదు. రోజూ పోయేవాడు సీజన్ పాసు తీసుకుంటాడు, నెలకోసారి పోయేవాడు టికెట్టు కొనుక్కుంటాడు. పాసు చవకా టికెట్టు చవకా అన్న ప్రశ్నకి ఎన్నిసార్లు పోతావో చెప్పకుండా జవాబు లేదు. పైగా పాసు ఒకే దారికి పనికొస్తుంది, దారి మారితే కట్టిన డబ్బు పోయినట్టే.

దీన్నే అంకెల్లో పెడదాం. అప్పటికప్పుడు ఫంక్షన్లను పుట్టించే పనికి అందరికీ తెలిసిన ఉదాహరణ జాన్ కోజా 1992లో ‘జెనెటిక్ ప్రోగ్రామింగ్’ గ్రంథంలో వివరించిన పద్ధతి. చిన్న చిన్న లిస్ప్ వాక్యాలను యాదృచ్ఛికంగా పుట్టిస్తారు, ప్రతిదాన్నీ పరీక్షిస్తారు, బాగా పనిచేసిన వాటి ముక్కలను ఒకదానితో ఒకటి మార్చి కొత్త తరాన్ని తయారుచేస్తారు. ఇచ్చిన బిందువులకు సరిపోయే సూత్రాన్ని వెతికే సమస్యలో ఆయన తీసుకున్న కొలతలు తరానికి 500 ప్రోగ్రాములు, మొత్తం 51 తరాలు, ప్రతి ప్రోగ్రామ్‌నీ పరీక్షించడానికి 20 బిందువులు. అంటే పూర్తిగా నడిస్తే 25,500 ఫంక్షన్లు పుడతాయి, ఒక్కొక్కదాన్నీ 20 సార్లు పిలుస్తాం, మొత్తం పిలుపులు 5,10,000. ఇక్కడి నుంచి నేను తీసుకునే కాలాలు లెక్క కోసం అనుకున్నవి. ఒక చిన్న ఫంక్షన్‌ని కంపైల్ చేయడానికి 2 మిల్లీసెకన్లు, ఎవాల్‌తో ఒక పిలుపుకి 5 మైక్రోసెకన్లు, కంపైల్ అయ్యాక ఒక పిలుపుకి 0.1 మైక్రోసెకను పడతాయనుకుందాం. అన్నిటినీ ఎవాల్‌తో నడిపితే రెండున్నర సెకన్లలో పని అయిపోతుంది. అన్నిటినీ కంపైల్ చేస్తే ఒక్క కంపైల్‌కే 51 సెకన్లు పోతాయి. వేగం కోసం కంపైల్ చేసినవాడు పనిని ఇరవై రెట్లు నెమ్మది చేసుకున్నాడు! ఇప్పుడు బిందువులను 20 నుంచి 20,000కి పెంచండి. పిలుపులు 51 కోట్లు అవుతాయి. ఎవాల్ దారిలో 2,550 సెకన్లు, అంటే ముప్పావుగంటకి కాస్త తక్కువ. కంపైల్ దారిలో కంపైల్‌కి 51, పిలుపులకి మరో 51, మొత్తం 102 సెకన్లు. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు, యంత్రం మారలేదు. మారింది పిలుపుల సంఖ్య ఒక్కటే. ఈ అంకెల ప్రకారం రెండు దారుల ఖర్చూ సమానమయ్యే గీత పడేది ఒక్కో ఫంక్షన్‌కి సుమారు 400 పిలుపుల దగ్గర. నిజమైన యంత్రం మీద గీత మరోచోట పడొచ్చు, కానీ గీత అనేది తప్పకుండా ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో కొలవకుండా దారిని ఎంచుకోవడం గుడ్డిగా ఎంచుకోవడమే.

పిలుపుల సంఖ్య ఒక కొలత మాత్రమే. రెండోది, మారే గుణం. దీన్ని చెప్పడానికి మన తెలుగువాడైన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారి ప్రయోగశాలకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. లోకం ఆయన్ని రాజ్‌రెడ్డి అంటుంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో మెకార్తీ దగ్గరే పీహెచ్‌డీ పూర్తిచేశారు. యంత్రం మనిషి మాటను అర్థం చేసుకోవడమెలా అన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1971 నుంచి 1976 దాకా అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ ఆర్పా ఒక కార్యక్రమం నడిపింది. వెయ్యి పదాల పరిమితిలో మాట్లాడిన వాక్యాలను పది శాతానికి లోపు తప్పులతో గ్రహించే యంత్రం కావాలన్నది దాని లక్ష్యం. రాజ్‌రెడ్డి గారి బృందం అందుకోసం ఒకదానికొకటి ఎదురుగా నిలిచే రెండు నిర్మాణాలు కట్టింది. మొదటిది హియర్సే. అందులో ధ్వనుల జ్ఞానం, పదాల జ్ఞానం, వ్యాకరణ జ్ఞానం వేర్వేరు విభాగాలుగా ఉంటాయి. అందరికీ కనపడే ఒక బ్లాక్‌బోర్డ్ మీద ఎవరికి తోచిన ఊహను వాళ్ళు రాస్తారు, మరొకరు దాన్ని చూసి తమ ఊహను చేరుస్తారు. ఏ జ్ఞానాన్ని ఎప్పుడు ప్రయోగించాలన్నది నడుస్తున్నప్పుడే తేలుతుంది. రెండోది బ్రూస్ లోవర్ చేసిన హార్పీ. అందులో వ్యాకరణం, పదకోశం, పదాలు కలిసే చోట ధ్వని మారే నియమాలు అన్నిటినీ ముందుగానే కలిపేసి, 15,000 స్థితులున్న ఒకే ఒక్క జాలంగా కంపైల్ చేసేశారు. మాట వినపడేటప్పుడు మిగిలే పని ఆ జాలంలో మంచి దారిని వెతకడమే.

రెండూ 1,011 పదాల మీద పనిచేశాయి. 1976లో ఫలితాలు చూస్తే, ఆర్పా పెట్టిన లక్ష్యాన్ని నిండుగా అందుకున్నది హార్పీయే, దాని తప్పులు ఐదు శాతం దగ్గరే ఆగాయి. హియర్సే రెండో రూపం తొంభై శాతం ఒప్పుల దగ్గర నిలిచింది. పని ఖర్చులో తేడా ఇంకా స్పష్టం. డెనిస్ క్లాట్ 1977లో చేసిన సమీక్ష ప్రకారం ఒక సెకను మాటను అర్థం చేసుకోవడానికి హార్పీకి 2 కోట్ల 80 లక్షల యంత్ర ఆదేశాలు పట్టాయి, హియర్సేకి 8 కోట్ల 50 లక్షలు. ఈ రెండు వ్యవస్థలూ లిస్ప్‌లో రాసినవి కావు, వాటి మధ్య తేడా అంతా కంపైల్ చేయడం వల్లే వచ్చిందని కూడా నేననను. వెతికే పద్ధతులు కూడా వేరు. అయినా మన ప్రశ్న ప్రశ్నగానే అక్కడ నిలబడింది. తెలిసినదాన్ని ముందే ఒక్క ముద్దగా గట్టిపరచాలా, పని పడినప్పుడల్లా విడివిడిగా సంప్రదించాలా?

హార్పీ గెలుపు చెప్పి ఆపేస్తే సగం నిజమే చెప్పినట్టు. ఆ జాలాన్ని కట్టడానికి అప్పటి పీడీపీ-10 యంత్రం గంటల తరబడి శ్రమించింది. ఒక కొత్త పదం చేర్చాలన్నా, వ్యాకరణంలో ఒక నియమం సవరించాలన్నా జాలాన్ని మళ్ళీ కట్టాలి. వెయ్యి పదాలతో, బిగించిన వ్యాకరణంతో, ఎవరూ మధ్యలో మార్చని పనికి ఆ శ్రమ చెల్లింది. హియర్సేలో ఒక విభాగాన్ని తీసి మరొకటి పెట్టొచ్చు, మిగతావి కదలవు. అందుకే పోటీలో వెనకబడ్డా, హియర్సే బ్లాక్‌బోర్డ్ ఆలోచన మాటల గుర్తింపు దాటి, ఏ జ్ఞానం ఎప్పుడు అక్కరపడుతుందో ముందుగా చెప్పలేని అనేక సమస్యల్లోకి పాకింది. కంపైల్ చేయడమంటే ఇక ఇందులో మార్పుండదని మాటివ్వడం. ఆ మాట నిలబెట్టుకోగలిగినవాడికి హార్పీ లాభం దక్కుతుంది. నిలబెట్టుకోలేనివాడు ఆ కంపైల్ ఖర్చును మళ్ళీ మళ్ళీ కడుతూనే ఉంటాడు. రాజ్‌రెడ్డి గారు ఒకే కప్పు కింద రెండు దారులనూ సాగనిచ్చారు. నా దృష్టిలో ఆ ప్రయోగశాల చేసిన గొప్ప పనుల్లో అదొకటి. 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న మనిషి పని తీరు అది.

ఇక రెండు దారుల్లోనూ అర్థం ఒక్కటిగానే ఉండాలన్న మాటకి వస్తాను. ఇది చెప్పినంత తేలిక కాదు. లిస్ప్ ఇరవై ఏళ్ళకి పైగా ఈ విషయంలో తడబడింది. పాత లిస్ప్‌లలో, ముఖ్యంగా ఎంఐటీలో పెరిగిన మాక్‌లిస్ప్‌లో, ఇంటర్‌ప్రిటర్ కింద ప్రతి వేరియబుల్‌కీ డైనమిక్ స్కోప్ ఉండేది. అంటే ఒక ఫంక్షన్ పెట్టుకున్న విలువను అది పిలిచిన ఫంక్షన్లన్నీ చూడగలవు. కంపైలర్ మాత్రం స్పెషల్ అని ప్రకటించని వేరియబుల్‌ని ఆ ఫంక్షన్‌కే పరిమితం చేసి రిజిస్టర్లో పెట్టేసేది. ఫలితంగా ఇంటర్‌ప్రిటర్ కింద సరిగా నడిచిన ప్రోగ్రామ్ కంపైల్ చేశాక మరో జవాబు ఇచ్చేది. ఇలాంటి చోట కంపైల్ చేయాలా వద్దా అన్నది ఖర్చు లెక్కగా మిగలదు, ఏ జవాబు కావాలో ఎంచుకోవడంగా మారిపోతుంది. 1975లో జెరాల్డ్ సస్మన్, గై స్టీల్ స్కీమ్ భాషలో లెక్సికల్ స్కోప్‌ని, అంటే పేరు అర్థం అది రాసిన చోటును బట్టే తేలాలన్నదాన్ని, నియమంగా పెట్టారు. 1984లో స్టీల్ గ్రంథంగా వెలువడిన కామన్ లిస్ప్ ఇంటర్‌ప్రిటర్‌కీ కంపైలర్‌కీ ఒకే అర్థం ఉండాలని పట్టుబట్టింది. 1994 ఆన్సీ ప్రమాణం దాన్ని ఖాయం చేసింది. ఈ దారిలో ఒక త్యాగం కూడా జరిగింది. ఎఫ్‌ఎక్స్‌పర్ అనే ఫంక్షన్లు ఉండేవి, తమకిచ్చిన వాక్యాలను విలువ కట్టకుండా యథాతథంగా తీసుకుని, వాటిని ఏం చేయాలో నడుస్తున్నప్పుడు నిర్ణయించేవి. ఒక పేరు రేపు ఎఫ్‌ఎక్స్‌పర్ కావచ్చంటే ఇవాళ కంపైలర్ దాని చుట్టూ ఏమీ తేల్చలేదు. కెంట్ పిట్మన్ 1980లో ఈ విషయాన్ని వాదించి, వాటి పని మాక్రోలకి అప్పగించాలన్నాడు. కామన్ లిస్ప్ అలాగే చేసింది. స్వేచ్ఛ కొంత తగ్గింది, దానికి బదులుగా రెండు దారుల మధ్య నమ్మకం వచ్చింది. ఆ బేరం సరైనదే అంటాను.

ఇప్పటికీ విద్యార్థులు తడబడే చోటొకటి ఉంది, దాని దగ్గర కొంచెం ఆగుతాను. ఒక ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్ పెట్టుకుని, దాని పేరు వాడుతూ ఒక లాంబ్డా జాబితా కట్టి, ఎవాల్‌కి ఇస్తారు. వచ్చిన ఫంక్షన్‌ని పిలవగానే ఆ పేరుకి విలువ లేదని లోపం వస్తుంది. కంపైల్‌కి ఇచ్చినా అదే లోపం. రెండూ ఆ జాబితాను ఖాళీ పరిసరంలో చూస్తాయి, చుట్టూ ఉన్న లోకల్ పేర్లు వాటికి కనపడవు. విలువ కావాలంటే పేరు బదులు విలువనే జాబితాలో పొదగాలి, బ్యాక్‌కోట్ ఉన్నది అందుకే. అలా పొదిగిన వస్తువు కంపైల్ తర్వాత కూడా అదే వస్తువుగా ఉంటుంది, నకలు కాదు. ఫైలుగా కంపైల్ చేసేటప్పుడు ఈ హామీ ఉండదు, ఎందుకంటే వస్తువును ఫైల్లోకి రాసి మళ్ళీ కట్టాలి. రన్‌టైమ్ కంపైల్‌కి ఉన్న ఈ బలాన్ని చాలామంది గుర్తించరు. ఒక హాష్ టేబుల్‌ని, మరో ఫంక్షన్‌ని, తెరిచి ఉన్న నెట్‌వర్క్ కనెక్షన్‌ని కూడా కొత్త ఫంక్షన్ ఒంట్లో నేరుగా పెట్టేయొచ్చు.

నా వాదానికి ఎదురుగా వచ్చే మాటలు చూద్దాం. మొదటిది ఎస్‌బీసీఎల్ అనే కామన్ లిస్ప్ వ్యవస్థ వాడేవాళ్ళ నుంచి వస్తుంది. ఆ వ్యవస్థలో ఎవాల్ కూడా మామూలుగా కంపైలర్‌నే పిలుస్తుంది, ఇక తేడా ఎక్కడుందంటారు. ఎస్‌బీసీఎల్ వంశం కార్నెగీ మెలన్‌దే. అక్కడి సీఎంయూ కామన్ లిస్ప్ నుంచి 1999లో విడివడింది, రాబ్ మెక్‌లాక్లన్ రాసిన పైథాన్ అనే కంపైలర్‌ని వెంట తెచ్చుకుంది (ఇప్పటి పైథాన్ భాషకీ దీనికీ సంబంధం లేదు). చక్కని యంత్రభాష తీసే కంపైలర్ అది, కానీ ఆలోచించి పనిచేస్తుంది కనక సమయం తీసుకుంటుంది. ఎవాల్ పేరు చాటున ఆ సమయం దాక్కుందే తప్ప పోలేదు. కోజా పద్ధతిలాంటి ప్రోగ్రామ్‌ని అక్కడ ఎవాల్‌తో రాసినవాడు తెలియకుండానే ప్రతి వాక్యానికీ కంపైల్ ఖర్చు కడుతున్నాడు. అది తెలిసే ఆ వ్యవస్థ రాసినవాళ్ళు ఇంటర్‌ప్రిటర్‌కి మారే మీట కూడా పెట్టారు. ఈసీఎల్ అనే మరో కామన్ లిస్ప్ వ్యవస్థలో పరిస్థితి మరీ వేరు. అక్కడ కంపైల్ అంటే సీ భాషలో ఫైలు రాసి, బయటి సీ కంపైలర్‌ని పిలిచి, వచ్చినదాన్ని మళ్ళీ లోపలికి ఎక్కించుకోవడం. ఒకే ప్రమాణం, ఒకే కంపైల్ మాట, ఖర్చులు మాత్రం ఎంతో ఎడం. జిరాక్స్ పార్క్‌లో గ్రెగర్ కిజాలెస్ బృందం కట్టిన పీసీఎల్ అనే ఆబ్జెక్ట్ వ్యవస్థ కూడా ఈ దెబ్బ తిన్నదే. జెనరిక్ ఫంక్షన్ని మొదటిసారి పిలిచినప్పుడు ఏ మెథడ్ నడపాలో తేల్చే ఫంక్షన్ని అది అప్పటికప్పుడు తయారుచేస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ మధ్యలో కంపైలర్ మేలుకుంటే వాడేవాడికి తెర ఆగిపోయినట్టే. అందుకని తరచుగా అవసరమయ్యే అచ్చులను ముందే కంపైల్ చేసి సిద్ధంగా పెట్టుకునే ఏర్పాటు చేశారు.

రెండో అభ్యంతరం బలమైనది. ఎవాల్ ఎందుకు, కంపైల్ ఎందుకు, తమకు కావలసిన విలువలను వెంటబెట్టుకున్న ఫంక్షన్లు, అంటే క్లోజర్లు, చాలవా అంటారు. వాక్యంలోని ప్రతి ముక్కకీ ముందే కంపైలై ఉన్న ఒక చిన్న క్లోజర్‌ని ఎంచి, వాటిని గొలుసుగా అల్లితే, కంపైలర్‌ని పిలవకుండానే ఫంక్షన్ తయారవుతుంది. మార్క్ ఫీలీ, గై లపాల్మ్ 1987లో ఈ పద్ధతిని వివరించారు. ఎడి వైట్స్ రాసిన సీఎల్-పీపీసీఆర్‌ఈ అనే లైబ్రరీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను ఇలాగే క్లోజర్ల గొలుసుగా మారుస్తుంది, దాని వేగానికి మంచి పేరుంది. కెన్ థామ్సన్ 1968లో అదే పనికి ఐబీఎం 7094 యంత్రభాషనే అప్పటికప్పుడు పుట్టించాడు, అది మన ప్రశ్నకి రెండో కొస. నిత్యం ఎదురయ్యే చాలా సందర్భాల్లో క్లోజర్ దారే ఉత్తమమని ఒప్పుకుంటాను. కానీ అది నా వాదాన్ని కాదనదు, ముందు ఖర్చుకీ తర్వాత ఖర్చుకీ మధ్య మరో మజిలీ ఉందని చూపిస్తుందంతే. దాని హద్దు కూడా స్పష్టమే. గొలుసులో ఒక్కో క్లోజర్ పక్కదాని లోపలికి చూడలేదు. మధ్యలో వచ్చే విలువ పూర్ణాంకమేనని తెలిసినా ఆ సంగతి తర్వాతి ముక్కకి చేరదు, ప్రతి ముక్క దగ్గరా ఒక పరోక్ష పిలుపు ఉంటుంది. కోట్ల సార్లు నడిచే అంకెల పనికి కంపైలర్‌తో అది సాటి రాదు. పైగా ముక్కల జాబితా ముందే తెలిసి ఉండాలి. వాడేవాడు భాషలోని ఏ మాక్రోనైనా వాడొచ్చు అన్నచోట ఆ జాబితాకి అంతుండదు.

మూడోది, ఈ కాలపు అభ్యంతరం. ఇదంతా మనిషి ఎందుకు ఆలోచించాలి, యంత్రమే గమనించి వేడెక్కిన ఫంక్షన్ని కంపైల్ చేసుకుంటుంది కదా? నడుస్తుండగానే యంత్రభాషలోకి మార్చే దారిని పీటర్ డాయిష్, అలన్ షిఫ్‌మన్ 1984లో స్మాల్‌టాక్ కోసం చూపారు, ఇవాళ జావా, జావాస్క్రిప్ట్ యంత్రాలు చాలావరకు దానికి పిలుపుల లెక్కను జోడించి వాడుతున్నాయి. లెక్కబెట్టి నిర్ణయించడమన్న సూత్రం నేను చెప్పేదే కనక దాన్ని ఆనందంగా ఒప్పుకుంటాను. అయితే లెక్కబెట్టే యంత్రానికి తెలిసేది గతం. ఇప్పుడే పుట్టిన ఫంక్షన్‌కి గతం లేదు, దాని లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. 25,500 ఫంక్షన్లు పుడితే 25,500 సార్లు సున్నా నుంచి మొదలవుతుంది. పుట్టించినవాడికి మాత్రం భవిష్యత్తు తెలుసు. ఈ ఫంక్షన్ని ఇప్పుడే 20,000 బిందువుల మీద నడపబోతున్నానని అతను చెప్పగలిగితే, యంత్రం వేడెక్కేదాకా ఆగాల్సిన పని లేదు. యంత్రం ఊహ మంచిదే, తెలిసినవాడు తెలిసింది చెప్పడానికి చోటు ఉండడం ఇంకా మంచిది.

ఎవాల్ ప్రమాదకరం అనే మాట గురించి ఒక్క ముక్క. బయటివాళ్ళు పంపిన వాక్యాన్ని నడపడం ప్రమాదమే, కానీ కంపైల్ చేస్తే ఆ ప్రమాదం ఒక్క పిసరు కూడా తగ్గదు. నడపదగినదో కాదో పరీక్షించడం అంతకు ముందే జరగాలి.

ఈ లెక్కంతా మన పనికి ఎలా పనికొస్తుందో చెప్తాను. తెలుగు పదాలను విడదీసి, ధాతువేదో ప్రత్యయమేదో చెప్పే సాధనం ఒకటి లిస్ప్‌లో రాయాలనుకుందాం. పుస్తకాల భాషలో ‘వచ్చాడు’, ‘పోయాడు’ తెలిసిన సాధనానికి మన దగ్గర నోటినిండా వినపడే ‘వచ్చిండు’, ‘పోయిండు’ తెలియకపోతే అది సగం తెలుగుకే సాధనం. ఆ రూపాలను చేర్చే మనిషి ఒక నియమం రాస్తాడు, నాలుగు వాక్యాల మీద పరీక్షిస్తాడు, ‘తిన్నడు’ దగ్గర అది తప్పిందని చూసి సవరిస్తాడు, మళ్ళీ పరీక్షిస్తాడు. ఒక్కో నియమం ఒక ఫంక్షన్‌గా మారుతుంది, పదిసార్లు నడుస్తుంది, అంతలోనే మారిపోతుంది. ఈ దశలో ప్రతి మార్పుకీ కంపైల్ చేసి కూర్చోబెడితే రాసేవాడి ఆలోచన తెగుతుంది. ఇక్కడ ఎవాలే సరైనది. పైగా మాక్రోతో రాసిన సహాయక నియమాన్ని మార్చినప్పుడు, అంతకు ముందు కంపైల్ చేసిన ఫంక్షన్లలో పాత రూపమే గడ్డకట్టి ఉంటుంది. ఏది పాతది ఏది కొత్తదో తెలియక సగం రోజు పోతుంది. నియమాలు కుదురుకున్నాక పరిస్థితి తలకిందులవుతుంది. అవే నియమాలు ఇప్పుడు లక్షల పదాల పాఠం మీద నడవాలి, మధ్యలో ఎవరూ వాటిని ముట్టరు. అప్పుడు అన్నిటినీ కలిపి ఒక లాంబ్డాగా కట్టి ఒక్కసారి కంపైల్ చేయాలి. నియమాలు పరిమిత స్థితుల యంత్రంలో ఇమిడేవైతే ఇంకా ముందుకి పోయి, 1983లో కిమ్మో కొస్కెన్నియెమి ఫిన్నిష్ భాషకు చూపించినట్టు ఒక్కో నియమాన్నీ ఒక యంత్రంగా రాసి, 1994లో రొనాల్డ్ కాప్లాన్, మార్టిన్ కే గణితపరంగా నిరూపించినట్టు, వాటన్నిటినీ ఒకే యంత్రంగా కలపొచ్చు. అది హార్పీ దారే.

ఈ రెండు దశల మధ్య ఒక చిన్న ఏర్పాటు ఉంటే చాలు. ప్రతి నియమం పక్కన దాని మూల జాబితాను పారేయకుండా ఉంచండి, ఎందుకంటే కంపైలైన ఫంక్షన్లోంచి మూలం తిరిగి వస్తుందని ప్రమాణం హామీ ఇవ్వదు. ఎన్నిసార్లు పిలిచామో ఒక లెక్క ఉంచండి. పుట్టినప్పుడు ఎవాల్‌తో మొదలుపెట్టి, మీ యంత్రం మీద మీరు కొలిచిన గీత దాటినప్పుడో, పెద్ద పాఠం మీద నడపబోతున్నామని సాధనానికి మీరే చెప్పినప్పుడో కంపైల్ చేయించండి. మూలం మారిన మరుక్షణం పాత కంపైల్ రూపాన్ని పక్కన పడేసి ఎవాల్‌కి తిరిగి రండి. వీటిలో ఏదీ కామన్ లిస్ప్‌లో వంద వరుసలు దాటే పని కాదు. ఈ సభలో ఉన్న రెండో సంవత్సరం విద్యార్థులు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా తీసుకుని, ముందు గీత ఎక్కడ పడుతుందో తమ కంప్యూటర్ల మీద ఎస్‌బీసీఎల్‌తో ఒకసారి, ఈసీఎల్‌తో ఒకసారి కొలిచి, ఆ తర్వాత ‘వచ్చిండు’ నియమం రాయడం మొదలుపెట్టొచ్చు.